రేకుల షెడ్డు గాలికి లేవకుండా, పైకెక్కినవారు కింద పడకుండా కట్టించుకోవడం ఎలా?

"ఎంత మందం పైపు వేయించమంటారు?" మా కోళ్ల రైతుల సంఘానికి వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్నే. మిగతా సగం ఈదురుగాలి వీచిన మర్నాడు వస్తాయి: "రేకులు లేచిపోయాయి, బీమా డబ్బు వస్తుందా?" అప్పుడప్పుడూ మరో రకం ఫోను వస్తుంది. అందులో ప్రశ్న ఉండదు. ఎవరో రేకు విరిగి షెడ్డు లోపల పడ్డారన్న కబురు ఉంటుంది.

పైపు మందం అడిగేవారు బోల్టు సంగతి అడగరు. కానీ షెడ్డు విడిపోయేది పైపు దగ్గర కాదు, అతుకుల దగ్గర. రేకును పర్లిన్‌కు (రేకుల కింద అడ్డంగా వేసే పైపుకు) బిగించిన చోట, పర్లిన్‌ను ట్రస్‌కు (పైకప్పును మోసే త్రికోణపు ఇనుప చట్రానికి) బిగించిన చోట, స్తంభం పునాదిలో దిగిన చోట. నా షెడ్డే ఇందుకు సాక్ష్యం. ఒక మే నెల గాలికి ఒక పక్క పైకప్పంతా లేచి పక్క చేలో వాలింది. ఒక్క రేకూ చిరగలేదు, ఒక్క పర్లిన్ వంగలేదు. వెల్డింగ్ మేస్త్రి పర్లిన్లను ట్రస్‌కు రెండేసి చుక్కల వెల్డింగుతో అంటించి వదిలేశాడు. పైపు మాత్రం నేను అడిగిన మందమే వేశాడు, పాపం.

ఇక్కడ చెప్పేది పక్కలు తెరిచి ఉండే మామూలు కోళ్ల షెడ్డు గురించి. వెడల్పు 30 అడుగులు, ఇనుప ట్రస్‌లు, పైన సిమెంటు రేకులు లేదా రంగు పూత వేసిన ఇనుప రేకులు. పాడి పశువుల కొట్టానికీ ఇదంతా వర్తిస్తుంది. ఫ్యాన్లు, కూలింగ్ ప్యాడ్లతో మూసి కట్టే పెద్ద షెడ్లకు మాత్రం ఇది చాలదు.

కావలసినవి

స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన ఒక డ్రాయింగు. దీనికి అయ్యే ఫీజు మొత్తం షెడ్డు ఖర్చులో చాలా చిన్న భాగం. ఒకే కొలతల షెడ్లు కట్టేవారు నలుగురు కలిసి గీయించుకుంటే ఇంకా తగ్గుతుంది, కానీ పునాది మాత్రం ఎవరి నేలకు తగ్గట్టు వారికి విడిగా చూపించమనండి.

కొలతలకు 30 మీటర్ల టేపు, తూకం గుండు, రసమట్టం. పైన పనికి 18 అంగుళాల వెడల్పు, కనీసం 10 అడుగుల పొడవు ఉన్న నడక పలకలు మూడు, కట్టి నిలబెట్టగలిగే గట్టి నిచ్చెన, మందపాటి తాడు, హెల్మెట్లు. సిమెంటు రేకులైతే సన్నటి దుమ్మును ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం మాస్కులు, ఎన్95 చాలదు. కరెంటుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి). పనివారందరికీ ప్రమాద బీమా. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ల లోపు వయసువారికి ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. మొదటి రోజు టీ డబ్బుల కంటే తక్కువ ఖర్చు. పనిలోకి వచ్చేవారికి అది ఉందో లేదో అడగండి.

1. స్థలం చూసేటప్పుడు ముందు తల పైకెత్తండి

నేల సంగతి తరువాత. పైన తీగలున్నాయా? 11 కేవీ (11 వేల వోల్టుల) లైను ఉంటే కట్టడం పైభాగానికీ తీగకూ మధ్య నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్లు ఖాళీ ఉండాలన్నది నిబంధన. ఇళ్లకు వచ్చే మామూలు లైనుకు నిలువుగా 2.5, అడ్డంగా 1.2 మీటర్లు. ఇవి కట్టడం పూర్తయ్యాక ఉండాల్సిన దూరాలు. కట్టేటప్పుడు 20 అడుగుల పైపును నిలువుగా ఎత్తే మనిషికి ఈ ఖాళీ ఏమాత్రం సరిపోదు. పైపు తీగకు తగలనవసరం కూడా లేదు, బాగా దగ్గరికి వెళ్లినా చాలు. అందుకే లైను పక్కన పని ఉన్న రోజు సరఫరా ఆపించి మొదలుపెట్టండి. లైను జరిపించాలంటే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టి, అంచనా మొత్తం కట్టి, జరిపిన తరువాతే పునాది తవ్వండి. "ముందు కట్టేద్దాం, లైను తరువాత చూద్దాం" అన్నవారికి ఆ తరువాత ఎప్పటికీ రాలేదు.

పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. ఎండ పక్కల నుంచి లోపలికి కొట్టదు. వెడల్పు 30 అడుగులు మించితే మధ్యలో గాలి ఆడదు. గడ్డివామును షెడ్డుకు కనీసం 50 అడుగుల దూరంలో, గాలి వచ్చే పక్కన కాకుండా పెట్టండి.

2. మీ ఊరి గాలి ఎంత?

ఇంజనీర్లు ఐఎస్ 875 అనే భారత ప్రమాణం మూడో భాగంలోని గాలి వేగాల పటం చూస్తారు. అందులో కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరులకు 50. గంటకు కిలోమీటర్లలో చెప్పాలంటే దాదాపు 140, 158, 180. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటినప్పటి గాలి గుర్తున్నవారికి ఆ చివరి అంకె గురించి వేరే చెప్పనక్కర్లేదు. తీరానికి 60 కిలోమీటర్ల లోపు ఉంటే తుపాను గుణకం కూడా ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకున్నారా అని అడగండి.

వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే గాలి ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది, దాన్ని 9.8తో భాగిస్తే కిలోల్లో వస్తుంది. చదరపు మీటరుకు కర్నూలులో సుమారు 93 కిలోలు, హైదరాబాద్‌లో 118, కోస్తాలో 153. షెడ్డు ఆకారాన్ని బట్టి ఇంజనీరు దీన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు. మన అవగాహనకు ఇది చాలు. పదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న ఒక్క రేకు మీద కోస్తా గాలి దాదాపు 500 కిలోల బలంతో పనిచేస్తుంది. ఇనుప రేకైతే దాని బరువు సుమారు 15 కిలోలే. పక్కలు తెరిచిన షెడ్డులో గాలి కింద నుంచి దూరి పైకి నెడుతుంది, పై నుంచి లాగుతుంది. అంటే మీ పైకప్పు కింద పడకుండా ఆపడం పెద్ద పని కాదు, పైకి లేవకుండా ఆపడమే పని.

3. బయానా ఇచ్చే ముందు కాగితం

ఒక పేజీ చాలు. మేస్త్రి, మీరు, ఇద్దరు సాక్షులు. అందులో ఉండాల్సినవి: డ్రాయింగు ప్రకారమే పని, పైపుల మందం, రేకు మందం, పూత, బోల్టుల సైజు, సంఖ్య, పర్లిన్‌కూ ట్రస్‌కూ మధ్య క్లీట్ (రెంటినీ కలిపే ఇనుప ముక్క) వేసి బోల్టు బిగించడం, పలకలు లేకుండా ఎవరూ రేకు మీద అడుగు పెట్టకపోవడం, 18 ఏళ్లు నిండనివారిని పనిలో పెట్టకపోవడం, ప్రమాదం జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది అన్నది.

ఆఖరి మాట రాయడానికి అందరికీ మొహమాటం. "పని మొదలుపెట్టకముందే అపశకునపు మాటలా?" అంటారు. రాయండి. రాయకపోతే ఆసుపత్రి వరండాలో ఆ బేరం జరుగుతుంది.

డబ్బు నాలుగు విడతలుగా ఇవ్వండి: పునాది అయ్యాక, ట్రస్‌లు నిలబెట్టి బిగించాక, రేకులు పూర్తయ్యాక, చివరిది నెల రోజుల తరువాత బోల్టులు మళ్లీ బిగించాక. చివరి విడత మొత్తంలో పదో వంతైనా ఉండాలి. లేకపోతే మేస్త్రి ఫోను ఎత్తడు.

4. పునాది: బరువు మోయడానికి కాదు, పట్టి ఉంచడానికి

స్తంభాలు 12 అడుగులకొకటి ఉన్నాయనుకోండి. 30 అడుగుల వెడల్పులో సగం, అంటే 15 అడుగులు, ఒక్కో స్తంభం వాటా. 180 చదరపు అడుగులు, అంటే దాదాపు 16.7 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 100 కిలోలే పైకి లాగుతుందనుకున్నా ఒక్కో స్తంభాన్ని పెరకబోయే బలం 1,670 కిలోలు. ఇప్పుడు మీ గుంత చూడండి. 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు కాంక్రీటు బరువు సుమారు 540 కిలోలు. పైకప్పు సొంత బరువు మరో రెండు వందల కిలోలు కలుపుకున్నా మిగతాది ఎవరు ఆపాలి?

అందుకే అడుగున వెడల్పు ఎక్కువ ఉన్న ఫుటింగు వేసి, దాని మీద మట్టి పోసి దిమ్మిస కొట్టిస్తారు. ఆ మట్టి బరువే అసలు లంగరు. గుంతంతా ఒకే వెడల్పున తవ్వి కాంక్రీటు నింపితే మట్టి బరువు కలిసి రాదు. నల్లరేగడిలో మట్టి ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది, కాబట్టి లోతు ఎంతన్నది ఇంజనీరునే నేల చూసి చెప్పమనండి. పక్క ఊళ్లో చెల్లిన లోతు మీ చేలో చెల్లకపోవచ్చు.

స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతడం చాలా చోట్ల చూస్తున్నాను. కోళ్ల ఎరువులో, పశువుల మూత్రంలో ఉండే అమ్మోనియా, లవణాలు నేల మట్టం దగ్గర ఇనుమును తినేస్తాయి. పైకి రంగు వేసి ఉంటుంది, లోపల పైపు రేకులా పలచబడి ఉంటుంది. కాంక్రీటు దిమ్మెను నేల మీదికి కనీసం అడుగు ఎత్తున లేపి, దాని మీద బేస్ ప్లేటు పెట్టి నాలుగు ఫౌండేషన్ బోల్టులతో బిగించండి. బోల్టుల అడుగు భాగం వంచి ఉండాలి, లేదా ప్లేటుకు తగిలించి ఉండాలి. తిన్నటి చువ్వ కాంక్రీటులోంచి జారి వచ్చేస్తుంది.

కాంక్రీటు పోసిన మర్నాడే స్తంభాలు ఎత్తుతామంటే ఒప్పుకోకండి. ఏడు రోజులు తడపండి.

5. స్తంభాలు, ట్రస్‌లు ఎత్తడం

కట్టేటప్పుడు షెడ్డు కూలేది ఈ దశలోనే. ఒక్కో ట్రస్ విడిగా నిలబడి ఉన్నప్పుడు అది పేకముక్క. మొదటి రెండు ట్రస్‌లు ఎత్తి, నాలుగు వైపులా తాళ్లతో నేలకు కట్టి, వాటి మధ్య పర్లిన్లూ బ్రేసింగూ (ఊగకుండా ఏటవాలుగా వేసే కడ్డీలూ) బిగించిన తరువాతే మూడోది ఎత్తాలి. "అన్నీ ఎత్తేసి ఒకేసారి బిగిద్దాం" అన్నది మేస్త్రీలకు ఇష్టమైన పద్ధతి, క్రేను అద్దె కలిసి వస్తుంది కనుక. భోజనానికి దిగిన గంటలో గాలి వస్తే ఆ అద్దె ఎంత కలిసి వచ్చిందో తెలుస్తుంది.

రెండు చివరి గడుల్లోనూ (రెండు ట్రస్‌ల మధ్య జాగాల్లో) గుణకారం గుర్తు ఆకారంలో బ్రేసింగు తప్పనిసరి. గోడ వైపు, పైకప్పు వాలులో, రెండు చోట్లా. ట్రాక్టరు రావడానికి అడ్డం అని తరువాత దాన్ని కోసేసినవారున్నారు. దారి కావాలంటే మధ్య గడిలో పెట్టుకోండి.

సాయంత్రం పని ఆపే ముందు తాళ్లు కట్టి ఉన్నాయా అని మీరే తిరిగి చూడండి. మేస్త్రిని నమ్మకపోవడం కాదు, మీ కళ్లు ఆ రోజు అలసిపోలేదు.

6. పర్లిన్లు, రేకులు, బోల్టులు

6 మిల్లీమీటర్ల సిమెంటు రేకుకు పర్లిన్ల మధ్య దూరం 1.4 మీటర్లు మించకూడదు. అడుగుల్లో నాలుగున్నర. ఇనుప రేకుకు తయారీదారు పట్టికలో ఉన్న దూరం పాటించండి, చూరు దగ్గర, కొప్పు దగ్గర ఇంకా దగ్గరగా వేయించండి.

పర్లిన్ ట్రస్‌తో కలిసే ప్రతి చోట క్లీట్, బోల్టులు. వెల్డింగే చేస్తామంటే రెండు పక్కలా పూర్తి పొడవు చేయాలి, పైనున్న పెచ్చు కొట్టేసి చూపించాలి, వెంటనే రంగు వేయాలి. చుక్కల వెల్డింగు పర్లిన్ జారకుండా తాత్కాలికంగా నిలపడానికే. నా షెడ్డులో ఆ తాత్కాలికమే శాశ్వతమైంది.

సిమెంటు రేకులకు 8 మిల్లీమీటర్ల జె-బోల్టులు (పర్లిన్‌ను పట్టుకునేలా అడుగు కొక్కెంలా వంచినవి). రంధ్రం ఎప్పుడూ రేకు గట్టు మీదే వేయాలి, గాడిలో వేస్తే నీళ్లన్నీ దాని గుండానే దిగుతాయి. రంధ్రాన్ని డ్రిల్లుతో వేయాలి. మేకు పెట్టి సుత్తితో కొట్టి రంధ్రం చేస్తే చుట్టూ కంటికి కనబడని పగుళ్లు పడతాయి, రెండో ఏడు అక్కడే విరుగుతుంది. బోల్టు కంటే రంధ్రం కాస్త పెద్దగా ఉండాలి, ఎండకు రేకు సాగడానికి చోటు కావాలి కదా. బోల్టుకు బిటుమిన్ వాషరు, దాని పైన ఇనుప వాషరు. ఈ వరుస తలకిందులు చేసినవారిని కూడా చూశాను.

రంగు పూత రేకులకు రబ్బరు వాషరున్న స్క్రూలు. స్క్రూ నిటారుగా దిగాలి. వాషరు రబ్బరు అంచు కొంచెం ఉబ్బితే సరిపోయినట్టు. పక్కలకు పిండి బయటికి వచ్చిందంటే ఎక్కువ బిగించారు, ఎండకు చిట్లిపోతుంది. చేతితో తిరిగితే తక్కువ బిగించారు.

గాలి ముందు పట్టుకునేది మూలలనూ చూరునూ కొప్పునూ. మధ్యలో గట్టు విడిచి గట్టుకు స్క్రూ వేసినా, ఈ అంచుల్లో ప్రతి గట్టుకూ వేయించండి. మొత్తం పైకప్పు మీద ఇందుకు అయ్యే అదనపు ఖర్చు ఒక బస్తా కోళ్ల దాణా అంత ఉంటుందేమో. చూరు మూడడుగుల పైన బయటికి పొడిగిస్తే వాన జల్లు లోపలికి రాదు, నిజమే, కానీ అదే గాలికి గొడుగు అంచు కూడా. పొడిగించిన భాగానికి కింద పర్లిన్ లేకుండా రేకును ఊరికే వేలాడదీయకండి.

రేకులు పరచడం మీ ఊరి బలమైన గాలి వచ్చే చివర కాకుండా, దానికి అవతలి చివర మొదలుపెట్టాలి. అప్పుడు అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు. ఈ ఒక్క సంగతి ఊళ్లో పెద్దవారిని అడగండి, ఇంజనీరుకంటే వారికే బాగా తెలుసు.

మన దగ్గర దొరికే సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ల తరువాత క్యాన్సరు రావచ్చు. కరెంటు కట్టరుతో పొడిగా కోయించకండి. కావలసిన పొడవులే తెప్పించుకోండి. కోయక తప్పకపోతే తడిపి, చేతి రంపంతో, ఆరుబయట, మాస్కు పెట్టుకుని. విరిగిన ముక్కలను దారి గుంతల్లో పోయడం మన ఊళ్లలో మామూలు. ట్రాక్టరు చక్రాల కింద నలిగి అది మళ్లీ దుమ్మే అవుతుంది. వద్దు.

7. రేకు మీదికి ఎక్కడం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

సిమెంటు రేకు మనిషి బరువు మోయడానికి చేసినది కాదు. కొత్తదైనా అంతే. పాతది ఇంకా పెళుసు. "బోల్టుల వరుస మీద నడిస్తే కింద పర్లిన్ ఉంటుంది, ఏమీ కాదు" అన్న మాట మేస్త్రీలందరి నోటా వింటాను. పర్లిన్ వెడల్పు రెండు మూడు అంగుళాలు, మనిషి పాదం అంతకంటే వెడల్పు. జారినా తూలినా రెండో అడుగు పడేది పర్లిన్ మీద కాదు.

రెండో అపాయం వెలుతురు కోసం మధ్య మధ్య వేసే ఫైబర్ రేకులు. వేసవిలో పైకప్పంతా సున్నం కొట్టాక ఏది సిమెంటు రేకో ఏది ఫైబరో పై నుంచి తెలియదు. వాటి చుట్టూ ఎర్ర రంగు గీత గీయించండి, సున్నం కొట్టిన ప్రతిసారీ మళ్లీ గీయించండి.

పద్ధతి ఇది. ముందు పైకెక్కకుండా పని అవుతుందా చూడండి. కారే చోటును కింద నుంచి, కోళ్ల కింద పరిచిన ఊక మీద గట్టిగా నిలబెట్టిన బల్ల ఎక్కి బాగు చేయవచ్చు. తప్పకపోతే నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా వేసి, చూరు మీదికి మూడడుగులు పొడుచుకు వచ్చేట్టు పెట్టి, పైభాగం తాడుతో కట్టండి. పలకలు వాలు వెంట, కనీసం మూడు పర్లిన్ల మీద ఆనేట్టు పరిచి, జారకుండా కొప్పుకు కొక్కెంతో తగిలించండి. ఒక పలక మీద నిలబడి రెండోదాన్ని జరపాలి, మూడోది సామాను కోసం. నిలబడిన పలకనే జరపబోయినవారు పడ్డారు.

తడిసిన రేకు, నాచు పట్టిన రేకు, గాలి వీచే మధ్యాహ్నం: ఎక్కవద్దు. ఒంటరిగా ఎప్పుడూ ఎక్కవద్దు.

సేఫ్టీ బెల్టు కొంటే చాలనుకునేవారికి ఒక మాట. నడుము బెల్టు కాదు, ఒళ్లంతా పట్టే హార్నెస్ కావాలి. కానీ షాక్ అబ్జార్బరుతో ఆరడుగుల తాడు కట్టుకుంటే, పడినప్పుడు తాడు పొడవు, అది సాగే పొడవు, మనిషి ఎత్తు, కాళ్ల కింద మిగలాల్సిన జాగా కలిపి 18 అడుగులకు పైగా ఖాళీ కావాలి. మన షెడ్డు చూరు 8 నుంచి 10 అడుగులు. తాడు బిగుసుకునేలోపే మనిషి నేలను తాకుతాడు. ఇంత తక్కువ ఎత్తు షెడ్లకు పలకలూ, పని జరిగే చోట కింద కట్టే గట్టి వలా హార్నెస్ కంటే నమ్మదగినవి. హార్నెస్ వాడితే తాడును పొట్టిగా, అంచు దాకా వెళ్లనివ్వనంత పొట్టిగా, ట్రస్‌కు కట్టాలి. పర్లిన్‌కు కట్టకండి. పక్కలకు కొట్టిన కోళ్ల మెష్ మిగిలితే దాన్నే వలగా కట్టారు ఒక చోట. అది కోడిని ఆపుతుంది, మనిషిని ఆపదు.

ఎవరైనా పడితే చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తి ఆటోలో వేయకండి. వెన్ను దెబ్బ తిని ఉంటే ఆ ఎత్తడంతోనే కాళ్లు చచ్చుపడవచ్చు. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోను చేయండి.

8. వేసవి సున్నం, గడ్డి, స్ప్రింక్లర్లు

కట్టేటప్పుడు పడేవారికంటే వేసవిలో పడేవారే ఎక్కువన్నది మా సంఘంలో అందరికీ తెలిసిన సంగతి. మార్చిలో సున్నం కొట్టడానికి, ఏప్రిల్‌లో వరిగడ్డి పరచడానికి, మేలో స్ప్రింక్లరు మూసుకుపోతే తీయడానికి ఎక్కుతారు. ఎక్కేది మేస్త్రి కూడా కాదు, రోజు కూలికి వచ్చిన కుర్రవాడు.

కట్టేటప్పుడే కొప్పు పొడవునా పైపు వేసి స్ప్రింక్లర్లు బిగించండి. వాల్వూ ఫిల్టరూ కింద ఉండాలి. పైపు చివర మూత తీస్తే మురికి కొట్టుకుపోయేలా, ఆ మూత కూడా నిచ్చెన మీద నుంచి అందేలా పెట్టించండి. సున్నం నీళ్లను బాగా వడగట్టి పవర్ స్ప్రేయరుతో, పొడవాటి గొట్టంతో, నిచ్చెన మీద నుంచే కొట్టవచ్చు. 30 అడుగుల షెడ్డులో ఒక్కో వాలు పదహారు, పదిహేడు అడుగులే, పిచికారీ అందుతుంది. గడ్డి పరచడానికి బదులు షెడ్డు లోపల తెల్ల సీలింగు షీటు కట్టుకున్నవారు మళ్లీ పైకెక్కలేదు, గడ్డికి నిప్పంటుకుంటుందన్న భయమూ పోయింది.

9. కరెంటు

వెల్డింగు పని ఊక పరచకముందే పూర్తి కావాలి. తరువాత చిన్న అతుకు పని వచ్చినా పది అడుగుల మేర ఊక తీసి, నేల తడిపి, బకెట్టు నీళ్లు పక్కన పెట్టుకుని చేయించండి. పని అయ్యాక గంటసేపు ఒకరు అక్కడే ఉండాలి. ఊక లోపల లోపలే రగిలి రాత్రికి మంట అవుతుంది.

వెల్డింగు మిషనుకు కొక్కేలతో లైను మీద నుంచి కరెంటు తీసుకోనివ్వకండి. షెడ్డు ఇనుమంతటికీ ఎర్తింగు కలపండి. ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి), మోటార్లు, దీపాలు అన్నీ ఆర్‌సీసీబీ గుండానే వెళ్లాలి. దాని మీద ఉండే పరీక్ష మీటను నెలకోసారి నొక్కండి. నొక్కినప్పుడు కరెంటు పోతేనే అది పనిచేస్తున్నట్టు. ఫాగరు పెట్టినప్పుడల్లా దిగిపోతోందని ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి కలిపినవారున్నారు. అది దిగిపోతున్నది లీకేజీ ఉందని చెప్పడానికే. పాడి పశువులు మనకంటే తక్కువ షాక్‌కే చనిపోతాయి, తడి నేల మీద నాలుగు కాళ్లతో నిలబడి ఉంటాయి కనుక. వైర్లు పీవీసీ గొట్టంలోనే నడవాలి, లేకపోతే ఎలుకలు కొరుకుతాయి.

పని సరిగా జరిగిందా? డబ్బు ఇచ్చే ముందు చూడాల్సినవి

పునాది గీసినప్పుడు మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టండి. రెండు కొలతలూ ఒకటే కావాలి. 100 అడుగుల షెడ్డులో అర అంగుళం తేడా సరే, రెండు అంగుళాలు ఉంటే చివరి రేకు ఏటవాలుగా కోయాల్సి వస్తుంది.

స్తంభానికి తూకం గుండు రెండు పక్కల నుంచి వేలాడదీయండి. పదడుగుల ఎత్తులో పావు అంగుళం మించకూడదు. బేస్ ప్లేటు కింద సందు ఉంటే గ్రౌటు (సందు నింపే సిమెంటు ముద్ద) నింపించాలి. సందులో ఇటుక ముక్కలు కుక్కి పైన సిమెంటు పూస్తే గోరుతో గీకండి, తెలిసిపోతుంది.

వెల్డింగును చిన్న సుత్తితో తట్టండి. పెచ్చు రాలి కింద గుంతలు కనిపిస్తే మళ్లీ చేయించాలి.

మిట్టమధ్యాహ్నం లోపల నిలబడి పైకి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడితే అవి గురి తప్పిన స్క్రూల రంధ్రాలు. ఎవరూ చెప్పరు, మొదటి వానే చెబుతుంది.

స్క్రూల లెక్క నాకు ఇష్టమైన పరీక్ష. డ్రాయింగు ప్రకారం ఎన్ని కావాలో కూడి, ఖాళీ పెట్టెలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక సభ్యుడి షెడ్డులో 2,400 స్క్రూలు ఉండాల్సింది, పెట్టెలు 1,500కు సరిపడానే దొరికాయి. మిగతావి మధ్య వరుసల్లో వదిలేశారు, అక్కడైతే కింద నుంచి కనబడదని.

నెల తరువాత జె-బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. బిటుమిన్ వాషర్లు ఎండకు మెత్తబడి కుంగుతాయి.

సంఘం ద్వారా అడగాల్సినవి

ఒక్కరుగా అడిగితే జరగనివి ఉన్నాయి. బ్రిటన్‌లో వ్యవసాయ కట్టడాలకు బీఎస్ 5502 అని ప్రత్యేక ప్రమాణమే ఉంది. కట్టే కంపెనీలకు రిడ్బా అనే సంఘం ఉండి, పద్ధతిగా కట్టాలని తన సభ్యుల చేతే చెప్పిస్తుంది. మన దగ్గర రేకుల షెడ్డంటే వెల్డింగ్ షాపు పని, దానికి లెక్కలేమిటి అన్న ధోరణి. దీన్ని మార్చమని అడగాల్సింది కట్టించుకునే మనమే.

వినతిపత్రంలో కోరికలు మూడు మించనివ్వకండి, పది రాస్తే ఒక్కటీ చదవరు. ఉపాధి హామీలో కట్టే గోకులం పశువుల షెడ్ల నమూనాలోనూ, రాయితీ షెడ్ల నమూనాలోనూ బోల్టుల సంఖ్య, పునాది లోతు, బ్రేసింగు స్పష్టంగా గీసి ఉండాలని జిల్లా కలెక్టరుకు, పశుసంవర్ధక శాఖకు ఒకటి. వెల్డింగ్ మేస్త్రీలకు మండల కేంద్రంలో రెండు రోజుల శిక్షణ ఇప్పించమని, హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వంటి సంస్థల సాయం తీసుకోమని ఒకటి. షెడ్ల మీదుగా వెళ్లే లైన్ల జాబితా సర్వే నంబర్లతో, ఫొటోలతో విద్యుత్ సంస్థకు ఒకటి. ఫొటోలో తీగ కింద మనిషిని నిలబెట్టకండి, కొలబద్దను పెట్టండి. వేలాడే తీగ కనబడితే వినతిపత్రం దాకా ఆగకుండా 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. రసీదు లేని వినతిపత్రం ఇవ్వనట్టే లెక్క.

ఇంకొకటి ఎవరి అనుమతీ అక్కర్లేనిది. సంఘం డబ్బుతో ఆరు నడక పలకలు, ఒక మంచి నిచ్చెన, ఒక వల కొనండి. షెడ్డు పని ఉన్నవారు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్లి తిరిగి ఇవ్వాలి. పలకల మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో సంఘం పేరు రాయించండి. మా మొదటి జత పలకల మీద రాయించలేదు. నెల తిరిగేలోగా అవి ఎవరి కొట్టంలోనో దాణా బస్తాల కింద అరుగులయ్యాయి.